ఒకే రన్‌వే మీదికి రెండు విమానాలు ఎలా వస్తాయి? "అనుకున్నాను" అనే మాట ఎంత ప్రమాదమో చూద్దాం



2024 జూన్‌లో వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో ఒక చిన్న వీడియో తెగ తిరిగింది. మీలో చాలామంది చూసే ఉంటారు. ముంబై ఎయిర్‌పోర్టు. ఎయిరిండియా విమానం టేకాఫ్ కోసం రన్‌వే మీద పరుగెడుతోంది, చక్రాలు ఇంకా నేల వదల్లేదు. అంతలో దాని వెనకే, అదే రన్‌వే మీద, ఇండిగో విమానం దిగిపోయింది. ముందుది లేచింది, వెనకది స్పీడ్ తగ్గించుకుంది. అంతే. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు.

ఆ రోజు జూన్ 8. ఇండిగో ఇండోర్ నుంచి వస్తోంది. ఎయిరిండియా తిరువనంతపురం వెళ్తోంది. తర్వాత రెండు కంపెనీలూ చెప్పింది ఒకటే: "మాకు ఏటీసీ క్లియరెన్స్ ఉంది." అంటే దిగేవాళ్లకి దిగమని పర్మిషన్ ఉంది, లేచేవాళ్లకి లేవమని పర్మిషన్ ఉంది. డీజీసీఏ విచారణ మొదలుపెట్టింది, ఆ కంట్రోలర్‌ని డ్యూటీ నుంచి పక్కన పెట్టారు.

ఇది చూసిన ఎవరికైనా వచ్చే డౌట్ ఒకటే. బైక్ మీద పోతుంటే మనం ఏ సందులో ఉన్నామో ఫోన్ చెప్పేస్తోంది కదా. వందల కోట్ల విమానాలు, రాడార్లు, ఇంత టెక్నాలజీ పెట్టుకుని ఒకే రోడ్డు మీదికి రెండు విమానాలు ఎలా వస్తాయి?

ఈ ఎపిసోడ్‌లో దానికే సమాధానం చూద్దాం. నేను నాలుగైదు పెద్ద కేసులు పక్కపక్కన పెట్టి చూశాను. దేశాలు వేరు, కంపెనీలు వేరు, సంవత్సరాలు వేరు. కానీ అన్నిట్లో కామన్‌గా ఒక మాట ఉంది: "అనుకున్నాను."

ముందు బేసిక్స్

విమానం, వెహికల్, మనిషి, ఎవరైనా సరే, ఉండకూడని టైమ్‌లో రన్‌వే మీదికి వస్తే దాన్ని రన్‌వే ఇన్‌కర్షన్ అంటారు. విమానమే కానక్కర్లేదు. 2020 ఫిబ్రవరిలో పుణెలో ఎయిరిండియా విమానం టేకాఫ్ స్పీడ్‌లో ఉండగా పైలట్‌కి రన్‌వే మీద జీపు, మనిషి కనిపించారు. ఆగే టైమ్ లేదు. మామూలు కంటే ముందే విమానాన్ని పైకి లేపేశారు. తోకభాగం నేలకి రాసుకుంది. విమానం మాత్రం క్షేమంగా ఢిల్లీ చేరింది.

రన్‌వే మీద రాసి ఉండే నంబర్లు చూశారా? అవి దిక్కులు. శంషాబాద్‌లో 09, 27 అని ఉంటాయి. 09 అంటే 90 డిగ్రీలు, తూర్పు వైపు. 27 అంటే 270 డిగ్రీలు, పడమర వైపు. రోడ్డు ఒకటే, ఏ వైపు నుంచి వాడితే ఆ పేరు. పక్కపక్కన రెండు రన్‌వేలు ఉంటే లెఫ్ట్, రైట్ అని చేరుస్తారు.

టెర్మినల్ నుంచి రన్‌వే దాకా తీసుకెళ్లే దారుల్ని ట్యాక్సీవేలు అంటారు. ట్యాక్సీవే వెళ్లి రన్‌వేకి కలిసే చోట నేల మీద పసుపు గీతలు ఉంటాయి. రెండు నిండు గీతలు, రెండు తెగిన గీతలు. పక్కన ఎర్ర బోర్డు మీద తెల్ల అంకెలు. ఆ గీత దాటాలంటే కంట్రోలర్ నోటితో పర్మిషన్ ఇవ్వాలి.

మన భాషలో చెప్పాలంటే అది రైల్వే గేటు. తేడా ఏంటంటే, రైల్వే గేటుకి అడ్డంగా దించే కర్ర ఉంటుంది. ఇక్కడ కర్ర లేదు. పెయింట్ ఉంది, లైట్లు ఉన్నాయి, రేడియోలో ఒక మాట ఉంది. దాదాపు భారమంతా ఆ మాట మీదే.

అందుకే ఆ మాటకి ఒక పద్ధతి పెట్టారు. కంట్రోలర్ "హోల్డ్ షార్ట్ ఆఫ్ రన్‌వే టూ సెవెన్" అంటే, అంటే 27 రన్‌వే బయటే ఆగు అని, పైలట్ "ఓకే" అని ఊరుకోకూడదు. అదే వాక్యాన్ని రన్‌వే నంబర్‌తో సహా తిరిగి చెప్పాలి. దీన్ని రీడ్‌బ్యాక్ అంటారు. తిరిగి చెప్పింది కరెక్టేనా అని కంట్రోలర్ వినాలి. చిన్నప్పుడు కొట్టుకి పంపిస్తూ "ఏం తెమ్మన్నానో మళ్లీ చెప్పు" అని అడిగేవాళ్లు కదా ఇంట్లో, అచ్చం అదే.

ఇంత చేసినా ఎక్కడ తేడా వస్తోంది? ఇప్పుడు కేసుల్లోకి వెళ్దాం.

ఆస్టిన్: "వాళ్లు వెంటనే లేస్తారు అనుకున్నాను"

2023 ఫిబ్రవరి 4, టెక్సాస్‌లోని ఆస్టిన్. మనవాళ్లు చాలామంది ఉద్యోగాలు చేసుకుంటున్న ఊరు. పొద్దున్నే దట్టమైన పొగమంచు. టవర్ నుంచి చూస్తే రన్‌వే కనిపించడం లేదు. ఫెడెక్స్ కార్గో విమానం, బోయింగ్ 767, దిగడానికి వస్తోంది. దానికి ల్యాండింగ్ క్లియరెన్స్ ఇచ్చేశారు. అదే టైమ్‌లో సౌత్‌వెస్ట్ 737 రన్‌వే పక్కన రెడీగా ఉంది, 128 మందితో కాన్‌కూన్ వెళ్లాలి. కంట్రోలర్ వాళ్లకి ఫెడెక్స్ మూడు మైళ్ల దూరంలో ఉందని చెప్పి, టేకాఫ్ క్లియరెన్స్ ఇచ్చాడు.

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. విమానాల్లో మైలంటే నాటికల్ మైలు. మూడు మైళ్లంటే సుమారు ఐదున్నర కిలోమీటర్లు. దిగే విమానం గంటకి సుమారు 260 కిలోమీటర్ల స్పీడ్‌లో వస్తుంది, అంటే సెకనుకి దాదాపు 70 మీటర్లు. ఐదున్నర కిలోమీటర్లు రావడానికి 80 సెకన్లు కూడా పట్టదు. ఆ 80 సెకన్లలో సౌత్‌వెస్ట్ రన్‌వే మీదికి ఎక్కాలి, తిరగాలి, పరుగెత్తాలి, లేవాలి. అన్నీ చకచకా జరిగితే సరిపోతుంది. ఒక్క పని ఆలస్యమైనా సరిపోదు.

ఆలస్యమైంది. సౌత్‌వెస్ట్ పైలట్లు రన్‌వే మీద ఆగి, ఇంజిన్ పవర్ కాసేపు పెంచి చూసుకున్నారు. చల్లటి వాతావరణంలో అది చేయాల్సిన పనే. కానీ మాకు కొంచెం టైమ్ కావాలి అని టవర్‌కి చెప్పలేదు. మధ్యలో ఫెడెక్స్ వాళ్లకి డౌట్ వచ్చి, మా ల్యాండింగ్ క్లియరెన్స్ ఇంకా ఉందా అని అడిగారు కూడా. ఉంది అని టవర్ చెప్పింది.

నేలకి దగ్గరగా వచ్చాక పొగమంచులోంచి ఫెడెక్స్ కోపైలట్‌కి కింద ఇంకో విమానం ఆకారం కనిపించింది. వెంటనే గో-అరౌండ్ అన్నారు. అంటే దిగడం ఆపేసి మళ్లీ పైకి లేవడం. రేడియోలో సౌత్‌వెస్ట్‌కి, ఆగిపోండి అని కూడా వాళ్లే చెప్పారు, టవర్ కాదు. అప్పటికే స్పీడ్ అందుకున్న సౌత్‌వెస్ట్ ఆగలేదు, లేచింది. రెండిటి మధ్య మిగిలిన దూరం 200 అడుగుల లోపు. రెండు విమానాల్లో కలిపి 131 మంది.

అమెరికా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చిన ముఖ్య కారణం ఏంటో తెలుసా? ఫెడెక్స్ వచ్చేలోపు సౌత్‌వెస్ట్ వెళ్లిపోతుంది అని కంట్రోలర్ అనుకోవడం. రోజూ అలాగే వెళ్లిపోతాయి కాబట్టి ఆ రోజు కూడా వెళ్తుంది అనుకోవడం. దీన్ని వాళ్లు ఎక్స్‌పెక్టేషన్ బయాస్ అంటారు. మనం డెలివరీ కోసం ఎదురుచూస్తుంటే పక్కింటి బెల్ మోగినా మన బెల్లే అనిపిస్తుంది చూడండి, అదే. మనసు దేనికోసం చూస్తుంటే అదే కనిపిస్తుంది, అదే వినిపిస్తుంది.

శాన్‌ఫ్రాన్సిస్కో: "ఇదే రన్‌వే అనుకున్నాం"

2017 జూలై 7, అర్ధరాత్రి కావస్తోంది. ఎయిర్ కెనడా ఎయిర్‌బస్ ఏ320 శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతోంది. అక్కడ పక్కపక్కన రెండు రన్‌వేలు, ఆ పక్కనే ఒక ట్యాక్సీవే. ఆ రాత్రి ఎడమవైపు రన్‌వే మూసేశారు, లైట్లు ఆపేశారు. పైలట్ల కళ్లకి అలవాటుగా రెండు వెలుతురు దారులు కనిపించాలి. రెండు కనిపించాయి కూడా. కానీ అందులో ఒకటి అసలు రన్‌వే, రెండోది ట్యాక్సీవే. కుడివైపుది మన రన్‌వే కదా అని ట్యాక్సీవే వైపు దిగడం మొదలుపెట్టారు.

ఆ ట్యాక్సీవే మీద నాలుగు పెద్ద విమానాలు, నిండా ఫ్యూయల్‌తో, నిండా ప్యాసింజర్లతో, టేకాఫ్ కోసం లైన్లో ఉన్నాయి.

ఇక్కడ నాకు బాగా ఆశ్చర్యం వేసిన విషయం చెప్తాను. ఎయిర్ కెనడా వాళ్లకి డౌట్ వచ్చింది. రన్‌వే మీద ఏవో లైట్లు కనిపిస్తున్నాయి అని అడిగారు. కంట్రోలర్ చూసి, రన్‌వే మీద మీరు తప్ప ఎవరూ లేరు అని చెప్పాడు. అది నిజమే. కంట్రోలర్ నిజమైన రన్‌వే గురించి చెప్తున్నాడు, పైలట్లు ఇంకో దారి చూస్తూ వింటున్నారు. ప్రశ్న సరైనదే, జవాబు సరైనదే. కానీ ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే రోడ్డు గురించి కాదు.

కింద లైన్లో ఉన్న యునైటెడ్ విమానం పైలట్ రేడియోలో గట్టిగా అడిగాడు, ఇతను ఎటు వెళ్తున్నాడు అని. ట్యాక్సీవే మీదికి వస్తున్నాడు అన్నాడు. ఎయిర్ కెనడా పైలట్లు అప్పటికే తేడా గమనించి పైకి లేపడం మొదలుపెట్టారు, టవర్ కూడా గో-అరౌండ్ చెప్పింది. ఆ విమానం నేలకి సుమారు 60 అడుగుల ఎత్తుకి వచ్చి మళ్లీ లేచింది. కింద ఉన్న వాటిలో పెద్ద విమానాల తోక ఎత్తే 50 అడుగులు దాటుతుంది. ఐదు విమానాల్లో కలిపి వెయ్యి మందికి పైగా ఉన్నారు.

హనేడా: "నంబర్ వన్ అంటే నన్నే అనుకున్నాను"

ఇప్పటిదాకా చెప్పినవి తప్పిపోయినవి. ఇది తప్పలేదు.

2024 జనవరి 2, టోక్యోలోని హనేడా ఎయిర్‌పోర్టు. ముందురోజు, కొత్త సంవత్సరం నాడే, జపాన్‌లో నోటో దగ్గర భారీ భూకంపం వచ్చింది. బాధితులకి సామాన్లు తీసుకెళ్లడానికి కోస్ట్‌గార్డ్ చిన్న విమానం రెడీ అవుతోంది. లోపల ఆరుగురు. సాయంత్రం, చీకటి పడింది. కంట్రోలర్ వాళ్లకి, నువ్వు నంబర్ వన్, రన్‌వే బయట ఫలానా చోటికి వచ్చి ఆగు అని చెప్పాడు. నంబర్ వన్ అంటే టేకాఫ్ క్యూలో మొదట నువ్వే అని. కానీ ఆ కెప్టెన్ రన్‌వే మీదికి వెళ్లమన్నారనే అనుకున్నాడు. రీడ్‌బ్యాక్ కూడా కరెక్ట్‌గానే చెప్పారు. అయినా గీత దాటి రన్‌వే మీదికి వెళ్లి ఆగారు.

అలా సుమారు 40 సెకన్లు ఉన్నారు. ఆ 40 సెకన్లలో టవర్‌లో స్క్రీన్ మీద వార్నింగ్ వచ్చింది. కంట్రోలర్ గమనించలేదు. దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350 పైలట్లకి చీకట్లో ఆ చిన్న విమానం కనిపించలేదు. గుద్దేసింది. కోస్ట్‌గార్డ్ విమానంలో ఐదుగురు చనిపోయారు. కెప్టెన్ ఒక్కడే బతికాడు.

పెద్ద విమానం మంటలతోనే రన్‌వే మీద జారుకుంటూ వెళ్లి ఆగింది. అందులో 379 మంది. ఎనిమిది డోర్లలో మూడే వాడగలిగారు. అనౌన్స్‌మెంట్ సిస్టమ్ పనిచేయలేదు, మెగాఫోన్‌తో, నోటితో అరుస్తూ దింపారు. ల్యాండ్ అయిన 18 నిమిషాల్లో అందరూ బయటపడ్డారు. 379కి 379 మంది. ఆ తర్వాత విమానం పూర్తిగా కాలిపోయింది.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఆ కెప్టెన్ తొందరపాటు మనిషని గానీ, కంట్రోలర్ నిర్లక్ష్యం చేశాడని గానీ అనేస్తే కథ చాలా ఈజీ అయిపోతుంది. సాయం తీసుకెళ్లే పని, త్వరగా వెళ్లాలనే ఒత్తిడి, అందులో "నంబర్ వన్" అనే మాట. ఆ మాట చెవిన పడగానే మనసు మిగతాది తనే పూర్తి చేసుకుంది. అందుకే ప్రమాదం జరిగిన కొద్ది రోజులకే జపాన్‌లో కంట్రోలర్లు అలా నంబర్ చెప్పడం ఆపేయించారు. మనిషిని మార్చడం కంటే మాటని మార్చడం తేలిక.

టెనెరిఫే: ఒక మాట ఖరీదు 583 ప్రాణాలు

మాటని మార్చడం అనేది ఎక్కడ మొదలైందో తెలియాలంటే 1977కి వెళ్లాలి. మార్చి 27, స్పెయిన్‌కి చెందిన కానరీ దీవుల్లో టెనెరిఫే. పక్క దీవిలోని ఎయిర్‌పోర్టులో బాంబు పేలడంతో విమానాలన్నీ ఈ చిన్న ఎయిర్‌పోర్టుకి మళ్లించారు. ట్యాక్సీవే నిండిపోయింది. అందుకే విమానాలు రన్‌వే మీద నుంచే నడుచుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. దానికి తోడు పొగమంచు. గ్రౌండ్ రాడార్ లేదు.

రన్‌వే ఒక చివర కేఎల్ఎమ్ 747, టేకాఫ్‌కి రెడీ. అదే రన్‌వే మీద, మంచులో కనిపించకుండా, పాన్ యామ్ 747 ఇంకా నడుస్తోంది. కంట్రోలర్ కేఎల్ఎమ్‌కి లేచాక ఏ దారిలో వెళ్లాలో చెప్పాడు. అది టేకాఫ్ పర్మిషన్ కాదు, రూట్ మాత్రమే. కానీ ఆ వాక్యంలో "టేకాఫ్" అనే మాట ఉంది. కేఎల్ఎమ్ కెప్టెన్ బ్రేకులు వదిలేశాడు. కోపైలట్, మేము ఇప్పుడు టేకాఫ్‌లో ఉన్నాం అన్నట్టుగా ఏదో చెప్పాడు. అంటే బయలుదేరామనా, రెడీగా ఉన్నామనా? కంట్రోలర్ రెండోది అనుకుని "ఓకే" అన్నాడు. వెంటనే, ఆగండి, నేను పిలుస్తాను అని కూడా చెప్పాడు. సరిగ్గా అదే క్షణంలో పాన్ యామ్ వాళ్లు, మేమింకా రన్‌వే మీదే ఉన్నాం అని మాట్లాడారు. రెండు గొంతులు ఒకేసారి వస్తే ఆ రేడియోలో కీచుమనే శబ్దం తప్ప ఏమీ సరిగ్గా వినపడదు. కేఎల్ఎమ్‌కి స్పష్టంగా వినిపించింది "ఓకే" ఒక్కటే.

కాక్‌పిట్‌లో వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజినీర్‌కి డౌట్ వచ్చింది, ఆ పాన్ యామ్ ఇంకా తప్పుకోలేదా అని అడిగాడు. కంపెనీలో పేరున్న సీనియర్ కెప్టెన్, తప్పుకుంది అన్నట్టు గట్టిగా చెప్పేశాడు. ఇంజినీర్ ఇంక మాట్లాడలేదు. కాసేపటికే గుద్దుకున్నాయి. 583 మంది చనిపోయారు. విమానయాన చరిత్రలో ఇంతకంటే ఎక్కువమంది పోయిన విమాన ప్రమాదం ఇంకొకటి లేదు.

దీని తర్వాత రెండు పెద్ద మార్పులు వచ్చాయి. ఒకటి, "టేకాఫ్" అనే మాట నిజంగా టేకాఫ్ పర్మిషన్ ఇచ్చేటప్పుడు, లేదా దాన్ని రద్దు చేసేటప్పుడు తప్ప వాడకూడదు. మిగతా సందర్భాల్లో "డిపార్చర్" అనాలి. రెండు, కాక్‌పిట్‌లో జూనియర్ అయినా సరే, డౌట్ వస్తే గట్టిగా చెప్పాలి, సీనియర్ వినాలి అని ట్రైనింగ్ ఇవ్వడం పెరిగింది. మన ఇళ్లల్లో, ఆఫీసుల్లో "పెద్దాయన చెప్పాడు కదా, ఇంక మనమేం అంటాం" అని ఊరుకుంటాం చూడండి, ఆ అలవాటు కాక్‌పిట్‌లో ప్రాణాలు తీస్తుందని నేర్పిన పాఠం ఇది.

మరి సమస్య పోయిందా? లేదు. 45 ఏళ్ల తర్వాత, 2022 జనవరి 9 రాత్రి, దుబాయ్ నుంచి మన హైదరాబాద్‌కి రావాల్సిన ఎమిరేట్స్ విమానం ఈకే 524 టేకాఫ్ క్లియరెన్స్ లేకుండానే రన్‌వే మీద పరుగు మొదలుపెట్టింది. ఆ టైమ్‌లో ఆ రన్‌వే మరో ఎమిరేట్స్ విమానానికి ఇచ్చి ఉంది. ఈసారి టవర్ చూసింది. టేకాఫ్ ఆపేయండి అని చెప్పింది, పైలట్లు ఆపేశారు. టెనెరిఫేలో లేనిది, దుబాయ్‌లో ఉన్నది అదే. ఒకరి "అనుకున్నాను"ని ఇంకొకరు టైమ్‌కి పట్టుకున్నారు.

మరి మెషీన్లు ఏం చేస్తున్నాయి?

మెషీన్లు లేవని కాదు. గీత దగ్గర నేలలో ఎర్ర లైట్ల వరస ఉంటుంది, స్టాప్ బార్ అంటారు. అది వెలుగుతుంటే దాటకూడదు. గ్రౌండ్ రాడార్ ఉంటుంది, రెండు విమానాలు ఒకే రన్‌వే వైపు వస్తుంటే టవర్‌లో అలారం కొడుతుంది. కొన్ని ఎయిర్‌పోర్టుల్లో రన్‌వే ఖాళీగా లేకపోతే లైట్లు వాటంతట అవే ఎర్రగా మారి పైలట్‌కే నేరుగా చెప్తాయి.

కానీ అన్నీ అన్ని చోట్లా లేవు. ఆస్టిన్ టవర్‌లో ఆ రోజు గ్రౌండ్ రాడార్ లేదు, తర్వాతే ఒక కొత్త సిస్టమ్ పెట్టారు. హనేడాలో స్టాప్ బార్ లైట్లు రిపేర్లో ఉన్నాయి, అవి బాగున్నా ఆ రాత్రి ఉన్న విజిబిలిటీలో వాటిని వాడే రూల్ లేదు. 2001 అక్టోబర్ 8న ఇటలీలో, మిలాన్ లినాటే ఎయిర్‌పోర్టులో, పొగమంచులో చిన్న విమానం దారి తప్పి రన్‌వే మీదికి వచ్చింది. టేకాఫ్ అవుతున్న ప్యాసింజర్ విమానం దాన్ని గుద్దింది, 118 మంది చనిపోయారు. అక్కడా గ్రౌండ్ రాడార్ పనిచేయడం లేదు.

ఇంకో పక్క రద్దీ. ముంబైలో రెండు రన్‌వేలు ఉన్నా అవి ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతాయి, అందుకే రెండిటినీ ఒకేసారి వాడలేరు. దాదాపు మొత్తం ట్రాఫిక్ ఒక్క రన్‌వే మీదే. ప్రతి గ్యాప్‌లో ఒక విమానాన్ని దూర్చాల్సిందే. అమెరికాలో 2023లో రన్‌వే ఇన్‌కర్షన్లు 1,700కు పైగా నమోదయ్యాయి. కంగారుపడకండి, అందులో చాలావరకు ప్రమాదం దాకా పోనివి, గీత కొంచెం దాటినవి. నిజంగా భయపడాల్సినవి 20 పైచిలుకు. కానీ ఆ 20లో ఏదైనా హనేడా కావచ్చు.

"ఆగండి" అన్న మనిషి

2023 ఆగస్టులో ఢిల్లీలో జరిగింది చెప్తాను. అహ్మదాబాద్ నుంచి వచ్చిన విస్తారా విమానం దిగింది. పక్క రన్‌వే దాటి వెళ్లమని టవర్ చెప్పింది. అదే రన్‌వే మీద బాగ్‌డోగ్రా వెళ్లే ఇంకో విస్తారా విమానానికి టేకాఫ్ క్లియరెన్స్ ఉంది. దిగిన విమానం కెప్టెన్, ఆవిడ, పరిస్థితి గమనించి టవర్‌ని హెచ్చరించింది. టేకాఫ్ ఆపేశారు. అంతే. మరుసటి రోజు మామూలుగా తెల్లారింది.

దాటమని పర్మిషన్ ఉంది. దాటేయొచ్చు. కానీ ఆవిడ "పర్మిషన్ ఇచ్చారంటే ఖాళీగానే ఉండి ఉంటుంది" అని అనుకోలేదు, చూసింది. ఆస్టిన్‌లో కోపైలట్ కూడా అంతే. శాన్‌ఫ్రాన్సిస్కోలో లైన్లో ఉన్న పైలట్ కూడా అంతే, నాకెందుకులే అనుకోలేదు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి. ఇలాంటి వీడియో వైరల్ కాగానే మనం మొదట అడిగేది, ఎవర్ని సస్పెండ్ చేశారు అని. విచారణ అయ్యేదాకా కంట్రోలర్‌ని పక్కన పెట్టడం తప్పేం కాదు. కానీ ఆ పేరు దొరకగానే కథ అయిపోయింది అనుకుంటాం. గుద్దుకోకుండా తప్పిన ప్రతి కేసూ మనకి ప్రాణం ఖర్చు లేకుండా వచ్చిన పాఠం. నోరు విప్పితే ఉద్యోగం పోతుందని భయపడే చోట ఆ పాఠం బయటికే రాదు. అందుకే అమెరికాలో 1976 నుంచే నాసా ఒక రిపోర్టింగ్ సిస్టమ్ నడుపుతోంది. పైలట్లు, కంట్రోలర్లు తమ పొరపాట్లని రాసి పంపొచ్చు, పేర్లు తీసేసి మిగతావాళ్లకి ఉపయోగపడేలా వాడతారు. శిక్ష కంటే ముందు నిజం బయటికి రావాలి అనేది దాని లెక్క.

ప్యాసింజర్‌గా మనమేం చేయాలి?

ఒకటి. దిగబోతున్న విమానం సడన్‌గా మళ్లీ పైకి లేస్తే గో-అరౌండ్ అని ఇప్పుడు మీకు తెలుసు. పైలట్‌కి చేతకాలేదు అని పోస్ట్ పెట్టకండి. డౌట్ వచ్చినప్పుడు దిగకపోవడమే మంచి పైలట్ పని. పావుగంట లేటవుతుంది, అంతే.

రెండు. దిగాక కూడా, విమానం ఆగి సీట్‌బెల్ట్ లైట్ ఆరేదాకా బెల్ట్ తీయకండి. టైర్లు నేలని తాకగానే టప్ టప్ మని బెల్టులు విప్పే శబ్దం వినే ఉంటారు. కానీ విమానం ఇంకా రన్‌వేలు దాటాల్సి ఉండొచ్చు, సడన్ బ్రేక్ పడొచ్చు.

మూడు, అన్నిటికంటే ముఖ్యం. ఎమర్జెన్సీలో దిగమంటే బ్యాగ్ వదిలేయండి. ల్యాప్‌టాప్, పాస్‌పోర్టు, ఊరి నుంచి తెచ్చిన పచ్చడి సీసా, ఏదైనా సరే. వీడియో తీయడానికి ఫోన్ పైకెత్తి ఆగకండి. హనేడాలో మూడు డోర్ల నుంచి 379 మంది దిగారంటే, సిబ్బంది చెప్పింది విని, సామాన్లు వదిలేసి కదిలారు కాబట్టే. ఒక్కొక్కరు పైనున్న క్యాబిన్ తెరిచి పది సెకన్లు ఆగి ఉంటే వెనక ఉన్నవాళ్ల సంగతి ఏంటో మీరే లెక్కేసుకోండి.

విమాన ప్రయాణం ఇప్పటికీ చాలా సేఫ్. ఈ వీడియో చూసి టికెట్ క్యాన్సిల్ చేసుకోవద్దు. అది సేఫ్‌గా ఉందంటే, ఎక్కడో ఒక టవర్‌లో, ఒక కాక్‌పిట్‌లో ఎవరో ఒకరు "అనుకున్నాను" దగ్గర ఆగకుండా ఇంకోసారి అడుగుతున్నారు కాబట్టే.

ఈ ఎపిసోడ్ నచ్చితే తరచూ విమానం ఎక్కే ఇంట్లోవాళ్లకి, ఫ్రెండ్స్‌కి షేర్ చేయండి, ముఖ్యంగా ఆ బ్యాగ్ విషయం. ఇంకో టాపిక్‌తో మళ్లీ కలుద్దాం. ఉంటాను.